వర్డ్‌స్టార్ ఫైళ్లలో ప్రతి మాట చివరి అక్షరం మారిపోయి కనిపిస్తోంది, ఎందుకు?

#1 బెజవాడ_బైట్

5.25 అంగుళాల ఫ్లాపీల నుంచి దింపిన వర్డ్‌స్టార్ (పాతకాలపు వర్డ్ ప్రాసెసర్) ఫైళ్లు ఓ ముప్పై ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇంగ్లిష్ చదవగలిగేలాగే ఉంది కానీ, దాదాపు ప్రతి మాటకీ చివరి అక్షరం మారిపోయింది. ఇ ఉండాల్సిన చోట నెత్తి మీద చిన్న సున్నా పెట్టుకున్న ఎ. టి ఉండాల్సిన చోట టోపీ పెట్టిన ఓ. పేరాలు ప్రతి 65 అక్షరాలకీ తెగిపోతున్నాయి. మొదట్లో చుక్కతో మొదలయ్యే వింత లైన్లు. ఫైలు చివర వరసగా డబ్బాలు. నాలుగు ఫైళ్లయితే మొత్తానికి మొత్తం పిచ్చి గీతలే, అవి తెలుగు ఫైళ్లని లేబుల్ మీద రాసి ఉంది. ఫ్లాపీలు పాడయ్యాయా, లేక ఫైళ్లే అంతా?

#2 నక్షత్రకుడు

పాడవలేదండీ, నిశ్చింతగా ఉండండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఆరోగ్యంగా ఉన్న వర్డ్‌స్టార్ డాక్యుమెంట్‌వి.

ఇంగ్లిష్ అక్షరాలకి ఆస్కీలో (ఒక్కో అక్షరానికి ఒక్కో అంకె ఇచ్చే పద్ధతి) 0 నుంచి 127 దాకా అంకెలు చాలు, అంటే 7 బిట్లు. బైట్‌లో ఎనిమిదో బిట్ ఊరికే ఉంటుంది. 1979లో మైక్రోప్రో కంపెనీకి రాబ్ బార్నబీ వర్డ్‌స్టార్ రాసిన నాటికి సీపీ/ఎం (డాస్‌కి ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) మెషీన్లో మొత్తం మెమరీయే 64 కె, అంటే 64 కిలోబైట్లు. అందులో ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాం, మీ టెక్స్ట్ అన్నీ సర్దుకోవాలి. అంత ఇరుకులో ఖాళీ బిట్‌ని ఎవరు వదులుతారు? పేరా సర్దినప్పుడు ప్రతి మాట చివరి అక్షరానికి 128 కలిపి గుర్తు పెట్టుకుంటుంది. ప్రింట్ చేసేటప్పుడు ఎక్కడెక్కడ సందు పెంచి కుడి అంచు సరిచేయాలో ఆ గుర్తు చూసి తెలుసుకుంటుంది.

ఇంగ్లిష్ 'ద' మాట తీసుకోండి: టి, హెచ్, ఇ. అంకెల్లో 116, 104, 101. వర్డ్‌స్టార్ ఫైల్లో అది 116, 104, 229. ఆ 229ని విండోస్ సున్నా పెట్టిన ఎ అనుకుంటుంది. టి చివర్న వస్తే 116కి 128 కలిసి 244 అవుతుంది, అదే మీ టోపీ ఓ.

127 కంటే పెద్ద బైట్ ఏది కనబడినా 128 తీసేయడమే మందు. కానీ ముందే ఆ పని చేయకండి. చేస్తే పేరాలు కలిపే వీలు పోతుంది. ఎందుకో కింద చెప్తాను, లేదా ఓవర్లే గారు చెప్తారు.

#3 ఓవర్లే

చెప్తాను. ఫైల్లో లైన్ చివర రెండు రకాలు. మీరు ఎంటర్ నొక్కితే 13, 10 పడతాయి. మాట పట్టక వర్డ్‌స్టార్ తనంతట తనే కిందికి దింపితే 141, 10 పడతాయి. 141 అంటే 13కి 128 కలిపినది. అంటే మెత్తని ఎంటర్. నక్షత్రకుడు గారు అన్నట్టు గుడ్డిగా 128 తీసేస్తే రెండూ ఒకటైపోతాయి. ఇక ఏది పేరా చివరో, ఏది ఉత్త లైన్ చివరో చెప్పే నాథుడు లేడు.

కాబట్టి వరస ఇలా ఉండాలి. అసలు ఫైలు ముట్టుకోకుండా కాపీ మీద చేయండి.

ముందు 26 అనే బైట్ వెతకండి, మొదటిది ఎక్కడ కనబడితే అక్కడ ఫైలు కత్తిరించండి. మీకు డబ్బాల్లా కనిపించేవి అవే. సీపీ/ఎం ఫైలు పొడవుని 128 బైట్ల ముక్కల్లోనే లెక్కపెట్టేది, చివరి ముక్కలో మిగిలిన జాగాని 26తో నింపేవాళ్లు. డాస్‌కి ఆ అవసరం లేకపోయినా అలవాటు పోలేదు.

తర్వాత 31, 141, 10 వరసగా వస్తే మూడూ తీసేసి అటూ ఇటూ ఉన్న ముక్కలు అతికించండి. అది లైన్ చివర విరిచిన మాట. విడిగా 30 కనబడితే దాన్నీ తీసేయండి, అది వాడకుండా మిగిలిన విరుపు గుర్తు.

తర్వాత మిగతా 141, 10 జంటలన్నీ ఒక్కో ఖాళీగా మార్చండి. అక్కడక్కడా 10 బదులు 138 కనబడితే దాన్ని కూడా 10 లాగే చూడండి.

160 అంటే అంచు సరిచేయడానికి పొదిగిన ఖాళీ. తీసేయండి. అన్నీ అయ్యాకే 127 దాటినవాటి నుంచి 128 తీసేయండి.

చివర్లో వరసగా వచ్చిన ఖాళీల్ని ఒకటిగా కుదించాలి. ఇక్కడ మాత్రం జాగ్రత్త: మెత్తని ఎంటర్ ఉన్న పేరాల్లోనే కుదించండి. పట్టికలు కట్టిన చోట ప్రతి లైనూ 13, 10తో ముగుస్తుంది, అక్కడ ఖాళీలు కుదిస్తే నిలువు వరసలన్నీ కూలిపోతాయి. జీతాల పట్టికలు ఇలా పాడు చేసుకుని తిట్టుకునేవాళ్లని ఈ గ్రూపులోనే చూశాం.

ఇదంతా వర్డ్‌స్టార్ 4.0 వరకే. 5.0 నుంచి ఫైలు వేరు. మొదటి మూడు బైట్లు 29, 125, 0 అయితే అది కొత్త రకం, ముందున్న 128 బైట్లు హెడరే. మధ్యలో కూడా 29తో మొదలయ్యే మూటలు ఉంటాయి. 29 తర్వాతి రెండు బైట్లు, చిన్నది ముందు, ఆ మూటలో ఇంకా ఎన్ని బైట్లు మిగిలాయో చెబుతాయి. అన్ని బైట్లు దూకేయడమే. ఈ మూటల్లో 26 కూడా ఉండొచ్చు, కాబట్టి మూటలు తీసేశాకే ఫైలు చివర కత్తిరించాలి.

#4 బెజవాడ_బైట్

మొదటి బైట్లు చూశాను, ఏ ఫైలూ 29తో మొదలవలేదు. పాత రకమే. వరస ప్రకారం చేస్తే పేరాలు చక్కగా వచ్చాయి. మాటల మధ్య అక్కడక్కడా 2, 19 లాంటి చిన్న అంకెలు మిగిలాయి. చుక్క లైన్ల సంగతేంటి? తీసేయనా?

#5 చుక్కల_చీర

తీసేయకండి! ముందు చదవండి, పేజీ అసలు ఎలా ఉండేదో అవే చెబుతాయి.

మొదటి గడిలో చుక్క పడి, తర్వాత రెండక్షరాలు ఉంటే అది ప్రింట్ ఆజ్ఞ. కాగితం మీద పడదు. పీఎల్ అంటే పేజీ పొడవు, మామూలుగా 66 లైన్లు: 11 అంగుళాల కాగితం, అంగుళానికి 6 లైన్లు. ఎంటీ పైన వదిలే లైన్లు, చెప్పకపోతే 3. ఎంబీ కింద వదిలేవి, చెప్పకపోతే 8. 66లో 11 పోతే పేజీకి 55 లైన్ల టెక్స్ట్. పీఓ ఎడమ వైపు జరుపు, 8 గడులు. ఎల్‌హెచ్ లైన్ ఎత్తు, అంగుళంలో 48వ వంతుల్లో, కాబట్టి 8 అంటే అంగుళానికి 6 లైన్లు. సీడబ్ల్యూ అక్షరం వెడల్పు, అంగుళంలో 120వ వంతుల్లో. 12 పెడితే అంగుళానికి 10 అక్షరాలు, 10 పెడితే 12.

పీఏ కనబడిన చోట కొత్త పేజీ. సీపీ తర్వాత అంకె ఉంటే 'కింద ఇన్ని లైన్ల జాగా లేకపోతే కొత్త పేజీకి పో' అని. పట్టిక రెండు ముక్కలు కాకుండా దాని ముందు ఇది పెట్టేవాళ్లు. హెచ్‌ఈ, ఎఫ్‌ఓ పైశీర్షిక, కిందిశీర్షిక. ఓపీ ఉంటే పేజీ నంబర్లు వద్దని. వరసగా రెండు చుక్కలుంటే అది టైపు చేసినవాళ్లు తమకోసం రాసుకున్న మాట, ప్రింటర్‌కి సంబంధం లేదు. ఇవే తవ్వి చూడండి, ఒక్కోసారి తేదీ, ఎన్నో సవరణో వీటిలోనే దొరుకుతాయి.

ఇక మీ చిన్న అంకెలు. 2 అంటే బోల్డ్, 19 అండర్‌లైన్, 4 ఒకే అక్షరం రెండుసార్లు కొట్టడం, 20 పై అక్షరం, 22 కింది అక్షరం, 24 కొట్టివేత, 15 విడిపోకూడని ఖాళీ. 15 తప్ప మిగతావాటికి తెరవడానికీ మూయడానికీ ఒకే అంకె. లైట్ స్విచ్ లాంటిదన్నమాట. అందుకే లోపం వస్తే గొలుసుకట్టుగా వస్తుంది: ఎక్కడో ఒక 2 మూయడం మర్చిపోతే అక్కణ్నుంచి బోల్డ్ ఉండాల్సిన చోట మామూలు, మామూలు ఉండాల్సిన చోట బోల్డ్. మార్చే ప్రోగ్రాం రాస్తే 13, 10 వచ్చిన ప్రతి పేరా చివరా స్విచ్‌లన్నీ ఆపేసేలా రాయండి. అసలు వర్డ్‌స్టార్ అలా చేయదు గానీ మీకు నష్టం ఆ పేరాతో ఆగుతుంది.

#6 జెడ్80

అంతా బాగుంది కానీ టాపిక్ పెట్టింది ఇంటి కంప్యూటర్ల విభాగంలో. వర్డ్‌స్టార్ ధర అప్పట్లో 495 డాలర్లు, మెయిల్‌మెర్జ్ (ఒకే ఉత్తరాన్ని చాలామంది పేర్లతో అచ్చేసేది) విడిగా కొనాల్సి వచ్చేది. అది ఆఫీసు సరుకు. ఇళ్లలో జనం వాడినవి వేరు, వాటి తిప్పలూ వేరు.

ఇంటి కంప్యూటర్ల వర్డ్ ప్రాసెసర్లలో అసలు మొదటిది ఎలక్ట్రిక్ పెన్సిల్. మైకేల్ ష్రేయర్ 1976 డిసెంబర్‌లో ఆల్టెయిర్ కంప్యూటర్ కోసం తెచ్చాడు. దాన్ని టీఆర్‌ఎస్-80 అనే ఇంటి కంప్యూటర్‌కి తెచ్చాక వచ్చిన చిక్కు చూడండి: మోడల్ 1లో స్క్రీన్ మెమరీకి 2102 రకం మెమరీ చిప్పులు ఏడే పెట్టారు, ఒక్కో చిప్పు ఒక్కో బిట్. ఎనిమిదో చిప్పు ఖర్చు మిగుల్చుకున్నారు. ఫలితం, స్క్రీన్ మీద చిన్నబడి అక్షరాలు లేవు. చేతిలో పెన్సిల్ ఉంది, పెద్దబడిలోనే రాయాలి! దానికి జనం చేసిన వైద్యం: ఇంకో 2102 తెచ్చి ఉన్న చిప్పు వీపు మీద ఎక్కించడం. 11వ కాలు (డేటా లోపలికి), 12వ కాలు (డేటా బయటికి) పైకి వంచి, మిగతా 14 కాళ్లూ కింది చిప్పు కాళ్లకి టంకం పెట్టి, ఆ రెంటికీ విడిగా తీగలు లాగాలి. టంకం కాస్త ఎక్కువసేపు ఆనితే కింది చిప్పు గోవిందా.

ఆపిల్ 2 కూడా అంతే. 40 నిలువు గడులు, అన్నీ పెద్దబడి. షిఫ్ట్ మీట ఉంటుంది కానీ అది అక్షరాలకి పనిచేయదు. షిఫ్ట్ స్విచ్ నుంచి గేమ్ సాకెట్ 4వ కాలికి ఒక్క తీగ వేస్తే, అక్కడున్న మూడో పుష్‌బటన్‌ని రైటింగ్ ప్రోగ్రాం చూసి 'ఓహో షిఫ్ట్ నొక్కారు' అనుకునేది. తీగ ఒక్కటే, కానీ ఆ తీగని గుర్తించేలా రాసిన ప్రోగ్రాంలోనే పని జరుగుతుంది.

#7 నక్షత్రకుడు

జెడ్80 గారూ, ఒప్పుకుంటాను గానీ సగమే. ఆ ఆపిల్ 2లోనే 1980లో మైక్రోసాఫ్ట్ జెడ్80 సాఫ్ట్‌కార్డ్ (సీపీ/ఎం నడిపే జెడ్80 ప్రాసెసర్ ఉన్న కార్డు, మీ పేరే!) వేసి, 80 గడుల కార్డ్ ఇంకోటి వేసి, సీపీ/ఎం మీద వర్డ్‌స్టార్ నడిపించిన ఇళ్లు తక్కువేం కాదు. ఇంటి మెషీన్‌ని ఆఫీసు మెషీన్ చేయడమే అప్పటి సరదా.

#8 జెడ్80

రెండు కార్డులు కొనే స్తోమత ఉంటే సరదాయే మరి.

తక్కువ మెమరీలో తెలివిగా చేసిన పని చూడాలంటే బీబీసీ మైక్రోలో వర్డ్‌వైజ్ చూడండి. 1981, కంప్యూటర్ కాన్సెప్ట్స్. అది 8 కె రోమ్ చిప్పు, అంటే ప్రోగ్రాం చిప్పులోనే శాశ్వతంగా రాసి ఉంటుంది. మూత తీసి ఖాళీ సాకెట్లో గుచ్చడమే, కాబట్టి ప్రోగ్రాం మీ 32 కె మెమరీలో ఒక్క బైట్ జాగా కూడా ఆక్రమించదు. ఇప్పుడు లెక్క: డిస్క్ ఉన్న మెషీన్లో మనకి ఇచ్చే మెమరీ 6400 దగ్గర మొదలు. 80 గడుల మోడ్ 3 స్క్రీన్‌కే 16 కె కావాలి. 32,768లోంచి 6,400, 16,384 తీస్తే మిగిలేది 9,984. నాలుగు పేజీలు రాసేసరికి అయిపోతుంది. అందుకని వర్డ్‌వైజ్ టైపు చేసేటప్పుడు టెలిటెక్స్ట్ మోడ్ 7లో కూర్చుంటుంది. దానికి 1 కె చాలు, 25,344 మిగులుతుంది, ప్రోగ్రాం తన పనికి కొంత తీసుకున్నా 20 వేలు దాటుతుంది. 40 గడుల్లో టైపు చేయాలి, కాగితం మీద ఎలా పడుతుందో చూడాలంటే విడిగా 80 గడుల ప్రివ్యూ. ఎఫ్1 నొక్కితే ఆజ్ఞ ఆకుపచ్చగా మొదలవుతుంది, ఎఫ్2తో మళ్లీ తెల్లబడుతుంది. ఎఫ్2 మర్చిపోతే ఆ లైన్ చివరిదాకా ఉన్న మీ వాక్యాన్ని కూడా ఆజ్ఞ అనుకుంటుంది. లక్షణం ఏంటంటే ప్రింట్‌లో వాక్యం మాయం. స్క్రీన్ మీద ఆకుపచ్చ ఎక్కడిదాకా పాకిందో చూస్తే దొరికిపోతుంది.

#9 మీటల_మోత

కమోడోర్ 64 సంగతి ఎవరూ ఎత్తలేదు. స్పీడ్‌స్క్రిప్ట్ కొనే పని కూడా లేదు, పత్రికలో అచ్చేసిన అంకెలు చూసి టైపు చేసుకోవడమే. చార్ల్స్ బ్రానన్ రాసినది, కంప్యూట్స్ గెజెట్ 1984 జనవరి సంచికలో వచ్చింది. ఉత్త మెషీన్ కోడ్, వేల అంకెలు. తప్పు పడకుండా ఎంఎల్‌ఎక్స్ అనే చిన్న ప్రోగ్రాం ముందు టైపు చేసుకోవాలి. అది లైన్‌కి ఆరు బైట్లు, ఏడోది సరిచూసే అంకె అడుగుతుంది. కుదరకపోతే అక్కడే ఆపి మళ్లీ కొట్టమంటుంది.

ఆ ఫైళ్లు దొరికితే ఓవర్లే గారి వరస అస్సలు పనికిరాదు. టెక్స్ట్‌ని ప్రోగ్రాం ఫైల్లాగా దాస్తుంది, కాబట్టి మొదటి రెండు బైట్లు మెమరీ అడ్రస్, వాటిని వదిలేయాలి. అక్షరాలు ఆస్కీ కాదు, కమోడోర్ స్క్రీన్ కోడ్. 1 నుంచి 26 చిన్నబడి, 65 నుంచి 90 పెద్దబడి, 32 నుంచి 63 మామూలే. 31 వస్తే లైన్ చివర, స్క్రీన్ మీద ఎడమ బాణంగా కనిపించేది అదే.

వర్డ్‌స్టార్‌లో 31 విరిచిన మాట, ఇక్కడ 31 ఎంటర్. రెండు రకాల ఫైళ్లు ఒకే ఫోల్డర్లో పోసి ఒకే ప్రోగ్రాం తోలితే పేరాలన్నీ ఒకదానికొకటి అతుక్కుంటాయి. ముందు వేరు చేయండి.

#10 చుక్కల_చీర

ఆమ్‌స్ట్రాడ్ పీసీడబ్ల్యూ 8256 ఫైళ్లు ఎవరికైనా వస్తే (1985, లోకోస్క్రిప్ట్, ప్రింటర్ కూడా పెట్టెలోనే వచ్చేది) మొదటి మూడు అక్షరాలు చూడండి. జె, ఓ, వై అయితే లోకోస్క్రిప్ట్ 1, డి, ఓ, సి అయితే లోకోస్క్రిప్ట్ 2. డిస్క్ 3 అంగుళాలది, ఒక వైపు 180 కె. డ్రైవ్ చదవడం లేదంటే నూటికి తొంభై పాళ్లు లోపల రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, లేదా కరిగి తారులా అంటుకుని ఉంటుంది. పాత బెల్టు జిగురంతా పుల్లీల మీంచి స్పిరిట్‌తో తుడిచాకే కొత్తది వేయండి. ఇంకో మాట: ఆ డ్రైవ్ పవర్ ప్లగ్గులో 5, 12 వోల్టులు మామూలు పీసీ డ్రైవ్‌తో పోలిస్తే తారుమారుగా ఉంటాయి. మీటర్ పెట్టి చూడకుండా పీసీ పవర్ తీగ గుచ్చితే 5 వోల్టుల చిప్పులకి 12 వెళ్తుంది. అంతటితో సరి.

#11 బెజవాడ_బైట్

బోలెడు తెలిసింది. ఫైళ్లు మార్చడం అయ్యింది, ఇప్పుడు అసలు వర్డ్‌స్టార్ 3.3లోనే తెరిచి చూడాలని ఉంది. డాస్‌బాక్స్‌లో (ఇప్పటి కంప్యూటర్‌లో డాస్ నడిపే ప్రోగ్రాం) సీ డ్రైవ్ కింద రెండు ఫోల్డర్లు చేసి ఒకదాంట్లో ప్రోగ్రాం, ఒకదాంట్లో ఫైళ్లు పెట్టాను. ఫైలు లేదంటోంది.

#12 ఓవర్లే

3.3కి ఫోల్డర్ అంటే తెలియదు. డాస్ మొదటి వెర్షన్లో ఫోల్డర్లే లేవు, వర్డ్‌స్టార్ ఫైళ్లు తెరిచే పద్ధతి అప్పటిదే. దానికి తెలిసింది డ్రైవ్ అక్షరం, ఎనిమిదక్షరాల పేరు, మూడక్షరాల తోక. అంతే. డాస్‌బాక్స్‌లో మౌంట్ ఆజ్ఞతో ప్రోగ్రాం ఫోల్డర్‌ని 'ఎ' డ్రైవ్ గాను, టెక్స్ట్ ఫోల్డర్‌ని 'బి' డ్రైవ్ గాను తగిలించండి. నిజమైన డాస్ అయితే సబ్‌స్ట్ ఆజ్ఞ అదే పని చేస్తుంది. 'ఎ' డ్రైవ్‌లో మూడు ఫైళ్లు కలిసే ఉండాలి: డబ్ల్యూఎస్ డాట్ కామ్, డబ్ల్యూఎస్‌ఎంఎస్‌జీఎస్ డాట్ ఓవీఆర్, డబ్ల్యూఎస్‌ఓవీఎల్‌వై1 డాట్ ఓవీఆర్. మెమరీ చాలక ప్రోగ్రాంలో కొంత భాగాన్ని డిస్క్ మీదే ఉంచి అవసరమైనప్పుడు తెచ్చుకునేది, ఓవర్లేలంటే అవి. (నా పేరు కూడా అందుకే.) అవి దొరక్కపోతే మెనూ అయినా సరిగ్గా రాదు.

మెనూలో డి నొక్కితే డాక్యుమెంట్, ఎన్ నొక్కితే నాన్-డాక్యుమెంట్. ఎన్‌లో తెరిస్తే పేరా సర్దడం, 128 గుర్తులు ఏవీ ఉండవు. ఊరికే చూడాలంటే కాపీని డిలో తెరవండి, కంట్రోల్ కె-క్యూ నొక్కి సేవ్ చేయకుండా బయటికి రండి.

#13 మీటల_మోత

బాణం మీటల కోసం వెతక్కండి. ఆ రోజుల్లో చాలా టెర్మినళ్లకి బాణాలే ఉండేవి కావు. కంట్రోల్ మీట ఎ పక్కనే ఉండేది, అంచేత ఎడమ చెయ్యి ఉన్న చోటే అన్నీ పెట్టారు. కంట్రోల్ ఇ పైకి, ఎక్స్ కిందికి, ఎస్ ఎడమకి, డి కుడికి. కీబోర్డ్ మీద ఆ నాలుగూ వజ్రం ఆకారంలో ఉంటాయి. ఇంకొంచెం పక్కకి జరిగితే ఎ, ఎఫ్: ఒక్కో మాట. మూలల్లో ఆర్, సి: ఒక్కో స్క్రీన్. ముందు కంట్రోల్ క్యూ నొక్కితే అదే దిక్కులో ఆఖరికంటా: క్యూ-ఎస్ లైన్ మొదలు, క్యూ-డి లైన్ చివర, క్యూ-ఆర్ ఫైలు మొదలు, క్యూ-సి ఫైలు చివర. దిక్కు ఒకటే, దూరం మారుతుంది. ఇంత పద్ధతిగా మీటలు పేర్చిన సాఫ్ట్‌వేర్ తర్వాత రాలేదని నా అభిప్రాయం. తిట్టుకునేవాళ్లు తిట్టుకోండి.

క్యాప్స్ లాక్‌ని కంట్రోల్‌గా మార్చుకుంటే గంటలో అలవాటవుతుంది. మన ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో టర్బో సి వాడినవాళ్లకి సగం వచ్చే ఉంటుంది: కంట్రోల్ కె-బి బ్లాక్ మొదలు, కె-కె చివర, కె-సి కాపీ, కె-వి జరపడం. బోర్లాండ్ వాళ్లు వర్డ్‌స్టార్ నుంచి తీసుకున్నవే. కంట్రోల్ వై కొడితే లైన్ మాయమయ్యేది కూడా ఇక్కడిదే.

రెండు గోతులున్నాయి. బ్రౌజర్‌లో నడిచే ఎమ్యులేటర్ వాడకండి, కంట్రోల్ డబ్ల్యూ వర్డ్‌స్టార్‌లో ఒక లైన్ జరపడం, బ్రౌజర్‌లో ట్యాబ్ మూసేయడం. రెండోది, డాస్‌బాక్స్‌లో కంట్రోల్ ఎఫ్9 పొరపాటున పడితే అడక్కుండా మొత్తం మూసుకుంటుంది.

#14 నక్షత్రకుడు

ఫ్లాపీ మీద నేరుగా పనిచేసేవాళ్లకి ఇంకోటి. వర్డ్‌స్టార్ సేవ్ చేసేటప్పుడు పాతదాన్ని బీఏకే తోకతో ఉంచి, కొత్తదాన్ని మూడు డాలర్ల తోక ఉన్న తాత్కాలిక ఫైల్లో రాస్తుంది. అంటే 60 కె ఫైలు దిద్దాలంటే అదే డిస్క్ మీద ఇంకో 60 కె పైచిలుకు ఖాళీ ఉండాలి. లేకపోతే సేవ్ మధ్యలో డిస్క్ నిండిందంటుంది. అప్పుడు గాభరాపడి మెషీన్ ఆపకండి. మెనూకి వెళ్లకుండానే కంట్రోల్ కె-జె కొడితే ఏదో ఒక పనికిరాని ఫైలు చెరిపే వీలుంది, చెరిపి మళ్లీ సేవ్ చేయండి. డిస్క్ మార్చేద్దాం అనుకుంటారేమో, వద్దు. సీపీ/ఎంలో డిస్క్ మారిందని చెప్పకుండా మారిస్తే కొత్త డిస్క్ మీద రాయనివ్వదు, బీడాస్ (సీపీ/ఎంలో డిస్క్ పని చూసే భాగం) ఎర్రర్ ఇచ్చి బయటికి తోసేస్తుంది. టైపు చేసినదంతా గంగలో కలుస్తుంది.

కంట్రోల్ కె-ఎస్ కొడితే సేవ్ చేసి ఫైలు మొదటికి వెళ్లి కూర్చుంటుంది. కంట్రోల్ క్యూ-పి కొడితే వదిలిన చోటికి వస్తుంది. ఆ జంట కలిపే నేర్చుకోవాలి. బీఏకే ఫైల్ని వర్డ్‌స్టార్ దిద్దనివ్వదు, ముందు పేరు మార్చాలి.

#15 బెజవాడ_బైట్

ఇక మిగిలింది తెలుగు ఫైళ్లు నాలుగు. వాటిమీద కూడా 128 తీసేశాను. ఇప్పుడు 'బి, వెనక్కి వాలిన కొస గుర్తు, క్యూ, మూసిన చదరపు బ్రాకెట్, 5, మళ్లీ బ్రాకెట్' లాంటి మాటలు వస్తున్నాయి.

#16 ఓవర్లే

మీరు చూస్తున్న మాట 'తెలుగు'!

డాస్ మీద భారతీయ భాషలకి జిస్ట్ కార్డ్ ఉండేది, ఐఐటీ కాన్పూర్ పరిశోధన నుంచి సీడాక్ తెచ్చినది. మెషీన్లో గుచ్చితే మామూలు డాస్ ప్రోగ్రాంలలోనే మన లిపి కనిపించేది. కోడ్ ఇస్కీ (భారతీయ లిపులకి అంకెలిచ్చే పద్ధతి), తర్వాత 1991లో ఐఎస్ 13194గా ప్రమాణమైంది. ఇస్కీలో ఇంగ్లిష్ 127 లోపల, మన అక్షరాలు 160 పైన. త 194, ఎత్వం 224, ల 209, కొమ్ము 221, గ 181, మళ్లీ కొమ్ము 221. ఒక్కోదాంట్లోంచి 128 తీయండి: 66, 96, 81, 93, 53, 93. మీరు చెప్పిన గుర్తులు సరిగ్గా అవే.

ఏ ఎనిమిదో బిట్‌ని వర్డ్‌స్టార్ గుర్తుల కోసం వాడుకుందో అదే బిట్ మన లిపికి ప్రాణం. అందుకే ఇలాంటి టెక్స్ట్ నాన్-డాక్యుమెంట్ మోడ్‌లోనే బతుకుతుంది. డాక్యుమెంట్ మోడ్‌లో పేరా సర్దితే ఏది అక్షరమో ఏది గుర్తో దానికే తెలియదు. రివర్స్‌లో కూడా తమాషా ఉంది: ఇంగ్లిష్ వర్డ్‌స్టార్ ఫైల్ని ఇస్కీ అనుకుని తెరిస్తే ఇ తో ముగిసే ప్రతి మాట చివరా ఓత్వం (229), డి తో ముగిస్తే ఒత్వం (228), ఎస్ తో ముగిస్తే తెలుగు అంకె ౨ (243) వేలాడతాయి.

అసలు కాపీ ఉంచుకున్నారు కదా? దాన్నే తీసుకోండి. 128 తీయొద్దు, 26 దగ్గర కత్తిరించండి చాలు. ఆపైన విండోస్ కోడ్ పేజీ 57005 అంటే తెలుగు ఇస్కీ, దాంతో చదివించి యూనికోడ్‌గా రాయించండి. ఐసీయూ లైబ్రరీ (కోడ్‌లు యూనికోడ్‌కి మార్చే ప్రోగ్రాంల సంచి) అయితే ఇస్కీ కన్వర్టర్‌కి వెర్షన్ 6 ఇవ్వాలి. 0 ఇస్తే అన్నీ దేవనాగరిలో వస్తాయి, క కి క వచ్చినా లిపి వేరే. ఇస్కీలో అక్షరాలు పలికే వరసలోనే ఉంటాయి, పొల్లు 232, కాబట్టి ఒత్తులు తారుమారవవు. డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లయితే ఇంత సుఖం ఉండదు, అక్కడ కోడ్ అక్షరానికి కాదు, అక్షరం ముక్కకి.

#17 బెజవాడ_బైట్

57005తో మూడు ఫైళ్లు శుభ్రంగా వచ్చాయండీ! నాలుగోదాంట్లో మధ్య మధ్య 512 బైట్ల చొప్పున ఒకే అక్షరం నిండి ఉంది.

#18 చుక్కల_చీర

512 అంటే ఒక సెక్టార్. అది కోడ్ గొడవ కాదు, ఫ్లాపీ చదవలేకపోయిన చోటు. కాపీ చేసిన ప్రోగ్రాం నింపేసింది. కిటికీలోంచి వెలుతురుకి పట్టి చూడండి, డిస్క్ మీద తెల్లగా ముగ్గు చల్లినట్టుంటే బూజు. మన కోస్తా తేమకి మామూలే. అలాగే మళ్లీ డ్రైవ్‌లో పెట్టకండి, హెడ్‌కి బూజు అంటుకుని ఆ తర్వాతి ఫ్లాపీని కూడా గీస్తుంది.

నల్ల తొడుగు పై అంచు బ్లేడుతో కోయండి, బ్లేడు లోపలికి దిగకూడదు. డిస్క్‌ని మధ్య రంధ్రం దగ్గరే పట్టుకుని తీయండి. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మెత్తని దూది ముంచి, గట్టిగా రుద్దకుండా గుండ్రంగా రెండు వైపులా తుడవండి. దూది గోధుమ రంగులోకి మారితే ఆపేయండి, అది బూజు కాదు, అయస్కాంత పూతే రాలుతోంది. ఆరనిచ్చి, పనికిరాని ఇంకో ఫ్లాపీ తొడుగు ఖాళీ చేసి అందులో పెట్టండి. పక్క గాడి మీద టేపు అంటించండి, రాత ఆగుతుంది.

గ్రీస్‌వీజిల్ బోర్డ్‌తో (పాత ఫ్లాపీ డ్రైవ్‌ని యూఎస్‌బీకి తగిలించేది) చదువుతుంటే ఐబీఎం 360 ఫార్మాట్ పెట్టండి: 40 ట్రాకులు, 2 వైపులా, 9 సెక్టార్లు. మీది 1.2 ఎంబీ డ్రైవ్ అయితే హెడ్ రెండేసి ట్రాకులు దూకేలా చెప్పాలి. ఈ డ్రైవ్‌కి 12 వోల్టులు కూడా కావాలి, యూఎస్‌బీ ఇచ్చే 5తో మోటార్ తిరగదు. ఒక్కో ట్రాక్ పది తిప్పులు చదివించండి, ఒకసారి రాని సెక్టార్ ఇంకోసారి వస్తుంది. ప్రతి డిస్క్ తర్వాతా హెడ్ తుడవండి.

#19 బెజవాడ_బైట్

తుడిచాక పది తిప్పులతో ఐదు సెక్టార్లలో నాలుగు వచ్చాయి. ఐదోది రాలేదు. పక్కనే బీఏకే ఫైలు ఉంది, అందులో ఆ పేరా ఉంది. కొంచెం పాత పాఠం, ఒక వాక్యం తేడా.

#20 నక్షత్రకుడు

బీఏకే పేరా పెట్టండి, పైన రెండు చుక్కలతో ఒక లైన్ రాయండి: ఈ పేరా బీఏకే నుంచి తీసినదని. ప్రింట్‌లో పడదు.